మైపాడు తల్లులు తెలుసుకోవాల్సిన అంగన్‌వాడీ హక్కులు

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలోని తీర గ్రామం మైపాడు. ఇలాంటి ఊళ్లలో తెల్లారకముందే పనికెళ్లే అమ్మకు బిడ్డ విషయంలో దగ్గరి ఆసరా అంగన్‌వాడీ. ఈ కేంద్రాలు 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకం కిందివి. చేర్చుకోవడానికి మతం, కులం, ఆదాయం అడ్డు కావు.

రోజూ అందాల్సినవి: 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు వేడి భోజనం, గుడ్డు, ఆటపాటలతో చదువు. ఏడాదికి 300 రోజులు ఆహారం ఇవ్వాలన్నది నియమం. 6 నెలల నుంచి 3 ఏళ్ల పిల్లలకు ఇంటికే సరుకులిస్తారు.

నెలనెలా: బరువు తూచి ఎదుగుదల చార్టులో రాయాలి. గీత కిందికి దిగితే ఆరోగ్య కేంద్రానికి పంపాలి. ఆ చార్టు చూపించమని అమ్మానాన్నలు అడగొచ్చు.

ఇవ్వకపోతే: 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఈ భోజనం హక్కు. అందకపోతే భత్యం ఇవ్వాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. జిల్లా ఫిర్యాదుల అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు.

సాయంత్రం దాకా ఎలా? మామూలు అంగన్‌వాడీ రోజంతా బిడ్డను చూసుకోదు. అందుకోసం ఉన్నది కేంద్రం 'పాల్నా' పథకం. అంగన్‌వాడీతో కలిసి నడిచే ఈ క్రెష్ నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు తెరిచి ఉండాలి. పిల్లలు పడుకునే వసతీ ఉండాలి. ఊళ్లో అది లేకపోతే తల్లులంతా కలిసి ఐసీడీఎస్ ప్రాజెక్టు ఆఫీసులో అడగడం మంచిది.