తండాకో టీం నిలబడాలంటే: ఐర్లాండ్ ఊరి ఆటల క్లబ్బుల తొలి ఏండ్ల చరిత్ర



మన పెద్దవంగర మండలంలో గానీ, పక్కన తొర్రూరు, కొడకండ్ల, పాలకుర్తి దిక్కు గానీ ఏ తండాకు పోయినా ఒక ‘యూత్’ కనిపిస్తది. ఎలక్షన్లప్పుడు ఎవరో లీడర్ జెర్సీలు కొనిస్తే పుడతది. సంక్రాంతికి ఒక టోర్నమెంట్ ఆడుతది. పెద్ద పిల్లలు హైదరాబాద్‌కు పనికో, చదువుకో పోగానే ఆగిపోతది. మూడేండ్ల తర్వాత ఇంకో పేరుతో ఇంకో యూత్. ఆడే పిల్లలకు కొదవ లేదు. మరి నిలబడేది ఎందుకు లేదు?

ఈ ప్రశ్నకు జవాబు వెతికితే నాకు దొరికిన మంచి ఉదాహరణ మన దేశంలోది కాదు, ఐర్లాండ్‌ది. అది మన తెలంగాణ కన్నా విస్తీర్ణంలో చిన్న దేశం. వందల ఏండ్లు ఇంగ్లీషోళ్ల పాలనలో ఉన్నది. అక్కడి పల్లెల ఆటలు ఒక దశలో దాదాపు చచ్చిపోయినయి. ఈ రోజు అదే ఆటలకు రెండు వేలకు పైగా ఊరి క్లబ్బులు ఉన్నయి. అది ఎట్ల జరిగిందో చూద్దాం.

ఆటలు ఎందుకు పోయినయి

వాళ్ల ముఖ్యమైన ఆట హర్లింగ్. చూడ్డానికి మన హాకీ లాగుంటది. కానీ కట్టె కొస వెడల్పుగా ఉంటది, తోలు బంతిని గాల్లోనే కొట్టొచ్చు. రెండోది గేలిక్ ఫుట్‌బాల్. అందులో బంతిని చేత్తో పట్టొచ్చు, కాలితో తన్నొచ్చు. వందల ఏండ్లుగా ఊరికీ ఊరికీ మధ్య పొలాల్లో ఆడుకున్న ఆటలు ఇవి. మన చెడుగుడు, చిర్రగోనె లెక్క ఊరికో తీరు.

1845లో అక్కడ ఆలుగడ్డ పంటకు తెగులు తగిలింది. పేదోళ్ల తిండే అది. ఆ కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకన్నా ఎక్కువ మంది ఓడలెక్కి వలసపోయారు. ఊళ్లే ఖాళీ అయితే ఆడేదెవరు? మిగిలినచోట ఇంగ్లీషోళ్ల క్రికెట్, రగ్బీ వచ్చినయి. పరుగు పందేలు, దుముకుడు పోటీలు నడిపే సంఘాలు పెద్దింటోళ్ల చేతుల్లో ఉండేవి. కూలీలు, చేతిపనోళ్లు పాల్గొనకుండా కొన్నిచోట్ల రూల్సే ఉండేవి. ఆదివారం ఆటలు ఉండేవి కావు. ఆరు రోజులు పని చేసేటోడికి ఖాళీ దొరికేదే ఆదివారం! అంటే గేటు మూయకుండానే పేదోన్ని బయట పెట్టినట్టు.

1884: హోటల్ గదిలో ఏడుగురు

క్లేర్ జిల్లా పల్లెలో పుట్టిన మైకేల్ క్యూసాక్ అనే టీచర్ దీనిమీద పత్రికల్లో రాయడం మొదలుపెట్టాడు. మారిస్ డేవిన్ అనే పేరున్న అథ్లెట్, రైతు, ఆయనతో కలిసాడు. 1884 నవంబర్ 1న టిప్పరరీ జిల్లా థర్లెస్ పట్టణంలో హేస్ హోటల్లో మీటింగ్ పెట్టారు. వచ్చినోళ్లని చెప్పుకునేది ఏడుగురినే. అందులో ఒకాయన పోలీసు ఆఫీసర్ కూడా! గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, పొట్టిగా జీఏఏ, అట్ల పుట్టింది. డేవిన్ అధ్యక్షుడు, క్యూసాక్ కార్యదర్శుల్లో ఒకడు.

వాళ్లు వెంటనే చేసిన పని మ్యాచ్ పెట్టడం కాదు. కొన్ని వారాల్లోనే, 1885 మొదట్లో, రూల్స్ రాసి అచ్చు వేయించారు. అంతకుముందు ఊరికో రూల్ ఉండేది కాబట్టి పక్కూరితో ఆడితే కొట్లాటే. ఇప్పుడు జట్టుకు 21 మంది అని తేల్చారు. ఆ తర్వాత కూడా రూల్స్‌ను మారుస్తూ పోయారు. 1892లో 17 మందికి, 1913లో 15 మందికి తగ్గించారు. మొదట్లో ఒక్క గోల్ కొడితే అవతలోళ్ల పాయింట్లు ఎన్నున్నా లెక్కలోకి రాకపోయేది. దాన్ని 1892లో అయిదు పాయింట్లకు, 1896లో మూడు పాయింట్లకు సమానం చేశారు. ఆడి చూసి తప్పు దిద్దుకోవడం అంటే ఇదే.

రెండో పని ఇంకా ముఖ్యమైనది. క్లబ్బును ఎవరి పేరు మీదా పెట్టలేదు, ఊరి మీద పెట్టారు. అక్కడ ఒక చర్చి కింద ఉండే కొన్ని పల్లెల జాగాను పారిష్ అంటారు. పెళ్లి, చావు, పండుగ అన్నీ దాని చుట్టే. పారిష్‌కు ఒక క్లబ్ అన్నారు. ఆ క్లబ్బుల మీద జిల్లా కమిటీలు పెట్టారు. కొత్తగా జనాన్ని కూడగట్టే పని లేకుండా, అప్పటికే ఉన్న కట్టుబాటు మీదనే ఆటను నిలబెట్టారు. ఆదివారం ఆడారు. రెండు మూడేండ్లలో వందల క్లబ్బులు లేచినయి.

1887లో దేశమంతటికీ ఒక చాంపియన్‌షిప్ మొదలైంది. జిల్లాలో గెలిచిన ఊరి క్లబ్బే జిల్లా తరఫున ఆడాలి. హర్లింగ్ ఫైనల్ గొడవల వల్ల ఆలస్యమై 1888 ఏప్రిల్ 1న బర్ అనే పట్టణంలో జరిగింది. టిప్పరరీ తరఫున థర్లెస్ జట్టు, గాల్వే తరఫున వచ్చిన మీలిక్ జట్టును ఓడించింది.

పడిపోయిన రోజులు

ఇంతవరకు వింటే అంతా సాఫీగా నడిచినట్టు అనిపిస్తది. కాదు.

క్యూసాక్ ఎంత కష్టపడ్డాడో అంత నోరు దురుసు మనిషి. లెక్కలు సరిగ్గా చూడడని, అందరితో తగాదా పెట్టుకుంటాడని 1886లోనే పదవి నుంచి తీసేశారు. సంఘం పెట్టినోడే రెండేండ్లకు బయట! 1888లో సుమారు 50 మంది ఆటగాళ్లను ఓడలో అమెరికా తీసుకుపోయారు, చందాలు వస్తాయని. డబ్బు రాకపోగా అప్పు మిగిలింది. రైతు నాయకుడు మైకేల్ డేవిట్ అప్పిస్తేగానీ తిరిగొచ్చే దారి లేకపోయింది. కొందరు ఆటగాళ్లు అక్కడే ఉండిపోయారు. ఆ ఏడు చాంపియన్‌షిప్ పూర్తే కాలేదు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ రాజకీయం. 1890 చివర్లో దేశ నాయకుడు పార్నెల్ పార్టీ రెండుగా చీలింది. సంఘంలో ముందునుంచే వర్గాలు ఉన్నయి. చీలిక ఊరూరికీ పాకి ఒకే క్లబ్బులో ఆడినోళ్లు ఎదురుపడితే మాట్లాడుకోని పరిస్థితి వచ్చింది. వందల క్లబ్బులు మూతపడినయి. మన తండాల్లో సర్పంచ్ ఎలక్షన్ తర్వాత యూత్ రెండు ముక్కలు కావడం చూసినోళ్లకు ఇది కొత్త కథ కాదు.

ఇంకో మాట. ఆ తొలి ఏండ్లలో ఎన్ని క్లబ్బులు, ఏ ఊళ్లో ఎంతమంది సభ్యులు అనే లెక్కలు చాలావరకు ఎక్కడివో తెలుసా? తిరుగుబాటుదారులు ఉన్నారని నిఘా పెట్టిన ఇంగ్లీషు సర్కారు పోలీసుల రిపోర్టుల నుంచి! మన చరిత్రను మనం రాసుకోకపోతే మనమీద నిఘా పెట్టినోడు రాసిందే మిగులుతది.

మళ్లీ లేచింది ఎట్ల? పెద్ద నాయకుడు వచ్చి లేపలేదు. పారిష్ ఎక్కడికీ పోలేదు కాబట్టి చీలిక సద్దుమణిగాక అదే ఊరు, అదే పేరుతో మళ్లీ జట్టు కట్టింది. 1900 తర్వాత పుంజుకుని 1913లో డబ్లిన్‌లో సొంత మైదానం కొన్నది. సంఘానికి మొదట్నుంచి అండగా నిలిచిన ఆర్చ్‌బిషప్ క్రోక్ పేరు పెట్టుకుంది. ఇప్పుడు అందులో 82 వేల మంది పడతారు. అక్కడ ఫైనల్ ఆడేటోళ్లకు ఇప్పటికీ జీతం లేదు. సోమవారం ఎవరి పనికి వాళ్లు పోతారు.

రెండు లోపాలు కూడా చెప్పుకోవాలి. ఆడపిల్లలకు మొదటి ఇరవై ఏండ్లు చోటే లేదు. 1904లో వాళ్లే క్యామోగీ పేరుతో తమ హర్లింగ్ సంఘం పెట్టుకున్నారు. ఆడవాళ్ల ఫుట్‌బాల్ సంఘానికి 1974 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంకోటి, క్రికెట్, రగ్బీ ఆడినోన్ని వెలేసే రూలు పెట్టి 1971 దాకా మోసారు. సొంత ఆటను ప్రేమించడానికి పక్క ఆటను ద్వేషించే పని లేదు.

మన దగ్గర

మన చెడుగుడు కూడా ఇదే దారిలో కొంత దూరం నడిచింది. మహారాష్ట్రలో రూల్స్ రాశారు, 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో ప్రదర్శించారు, 1950లో దేశ సమాఖ్య పెట్టారు, 1990లో ఆసియా క్రీడలకు పోయింది. 2014 నుంచి టీవీలో తెలుగు టైటాన్స్‌ను చూస్తున్నం. కానీ ఐర్లాండ్‌లో క్లబ్ కింద నుంచి పైకి పోయింది. మన దగ్గర ఆట పైకి పోయింది గానీ, తండాల్లో క్లబ్ పుట్టలేదు.

ఊళ్లో పునాది ఉంటే ఏమైతదో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. పర్వతగిరి మండలం కల్లెడ చాలు. ఆ ఊరి బడిలో విలువిద్య నేర్చిన వర్ధినేని ప్రణీత 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు పోయింది. అదే ఊరి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది.

పారిష్ లాంటి కట్టుబాటు మనకు లేదా? ఉంది. తీజ్‌కు ఇంటింటికీ చందా వేసుకుని, ఆడపిల్లలు ముందుండి, తొమ్మిది రోజులు ఏ లీడర్ పైసా లేకుండా నడిపే తండాకు సంఘం నడపడం కొత్త విద్య కాదు. 2018 చట్టంతో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు పంచాయతీలు అయినయి. చాలాచోట్ల క్రీడా ప్రాంగణం బోర్డు కూడా పాతారు. కొన్నిచోట్ల బోర్డు చుట్టూ గడ్డే పెరుగుతుంది, అది వేరే సంగతి.

మనకు లేనిది చిన్నది: ఒక నోట్‌బుక్. అందులో తండా పేరు మీద క్లబ్, సభ్యుల పేర్లు, నెలకు పది రూపాయల చందా లెక్క, రాసుకున్న రూల్స్, ఆడిన ప్రతి ఆట ఫలితం. మొదటి రోజునుంచే ఆడపిల్లల జట్టు. చదువుకు పోయే కార్యదర్శి నోట్‌బుక్ తర్వాతోడికి అప్పజెప్పి పోవాలె. సర్పంచ్ ఎవరు గెలిచినా ఆ నోట్‌బుక్ చిరగొద్దు.

హేస్ హోటల్లో కూర్చున్నది ఏడుగురు. మన తండాలో ఏడుగురు దొరకరా?