రెండో పారాచూట్

ఎర్ర హ్యాండిల్ చూడండి, పట్టుకోండి. వెండిరంగు హ్యాండిల్ చూడండి. ఎర్రది లాగండి. వెండిరంగుది లాగండి.

మళ్లీ. ఇంకోసారి.

మీరు ఒక షెడ్డులో, పైకప్పు నుంచి దిగిన పట్టీలకు వేలాడుతున్నారు. కాళ్లు నేలకు జానెడు ఎత్తున ఆడుతున్నాయి. తొడల దగ్గర పట్టీలు ఒరుసుకుపోతున్నాయి. ఊరు పెర్రిస్, దక్షిణ కాలిఫోర్నియా. చుట్టూ ఎండకు మాడిన గుట్టలు, మధ్యలో రన్‌వే. తెలంగాణలోని బయ్యారంలో పుట్టి, ఉద్యోగం కోసం ఇంతదూరం వచ్చిన మీరు ఇవాళ సొంతంగా ఆకాశం నుంచి దూకడం నేర్చుకుంటున్నారు.

శిక్షకుడు మీ తలపైన ఒక ఫొటో పట్టుకున్నాడు. అందులో పారాచూట్ సగమే విచ్చుకుంది, తాళ్లు మెలిపడ్డాయి. ఇది మిమ్మల్ని క్షేమంగా దింపుతుందా? దింపదు. ఎర్ర హ్యాండిల్ లాగితే అది ఊడిపోతుంది, వెండిరంగుది లాగితే రిజర్వ్ పారాచూట్ తెరుచుకుంటుంది. ఫొటో మారింది. ఈసారి గుడ్డ నిండుగా, నలుచదరంగా ఉంది. అయినా మీ చేయి ఎర్రదాని మీదికే పోబోతుంది. శిక్షకుడు ఆపుతాడు. బాగున్నదాన్ని వదులుకోకూడదు. ముందు చూడాలి, తేల్చుకోవాలి, ఆ తర్వాతే చెయ్యి కదలాలి.

ఈ కోర్సు పేరు యాక్సిలరేటెడ్ ఫ్రీఫాల్. 1980ల మొదట్లో అమెరికాలో మొదలైంది. టాండెమ్ దూకుడులో మిమ్మల్ని శిక్షకుడి ఛాతీకి కట్టేస్తారు, పారాచూట్ ఆయనది. ఇక్కడ అలా కాదు. మొదటి దూకుడులోనే మీ పారాచూట్ మీ వీపు మీద ఉంటుంది, తెరవాల్సింది మీరే. ఇద్దరు శిక్షకులు చెరోవైపు పట్టుకుని మీతోపాటు పడతారు. మెట్టు ఎక్కేకొద్దీ ఇద్దరు ఒక్కరవుతారు, పట్టు వదులుతారు. ఏడు మెట్లు దాటాక ఒంటరిగా దూకనిస్తారు. ‘ఎ’ లైసెన్సుకు కనీసం 25 దూకుళ్లు కావాలి.

మధ్యాహ్నం సామాను చూపిస్తారు. వీపు సంచిలో రెండు పారాచూట్లు. మెయిన్ పారాచూట్‌ను శిక్షణ పొందినవారు ఎవరికి వారే మడతపెట్టుకోవచ్చు. రిజర్వ్‌ను మాత్రం లైసెన్సున్న రిగ్గరే మడవాలి, వాడినా వాడకున్నా 180 రోజులకోసారి విప్పి చూసి మళ్లీ మడవాలి. లోపల ఒక చిన్న ఎలక్ట్రానిక్ పరికరం గాలి పీడనాన్ని కొలుస్తూ ఉంటుంది. నేలకు వెయ్యి అడుగుల లోపుకొచ్చినా మీరింకా అతివేగంగా పడుతుంటే, రిజర్వ్‌ను మూసి ఉంచే తాడును అదే కోసి తెరుస్తుంది. మీరు స్పృహ తప్పినా అది పనిచేస్తుంది.

ఇది వింటుంటే మీకు తాటిచెట్టు గుర్తొస్తుంది. బయ్యారం చుట్టుపక్కల పెరిగినవారికి ఎత్తు కొత్త కాదు. నడుముకి మోకు బిగించి, నిట్టనిలువు చెట్టును పొద్దుపొద్దునే ఎక్కే గౌడన్నలను చూస్తూ పెరిగారు. వాళ్ల ధైర్యం ఇక్కడి ఎవరికీ తీసిపోదు. కానీ మోకు జారితే వాళ్లను పట్టుకునే రెండోది ఏదీ ఉండేది కాదు.

విమానం పైకి లేస్తుంది. పక్కనున్నవారి మోకాళ్లు మీ వీపుకి తగులుతున్నాయి. ఎడమ మణికట్టు మీద ఆల్టిమీటర్ ముల్లు నెమ్మదిగా తిరుగుతోంది. 12,500 అడుగుల దగ్గర తలుపు తెరుస్తారు. చల్లగాలి హోరుమంటూ లోపలికి దూసుకొస్తుంది. నోరు తడారిపోయింది. తలుపు అంచున నిలబడి, లోపలి శిక్షకుడి కళ్లలోకి చూసి “చెక్ ఇన్!” అని అరుస్తారు. బయటి శిక్షకుడి వైపు తిరిగి “చెక్ ఔట్!” ఇద్దరూ తలూపుతారు. పైకి, కిందికి, నడుము ముందుకు.

అంతే. విమానం మీ పైన ఉంది.

కడుపు జారిపోతుందనుకున్నారు. జారలేదు. విమానపు వేగం అప్పటికే మీ ఒంట్లో ఉంది. ముందుకు పోయే వేగం తగ్గుతూ కిందికి పడే వేగం పెరుగుతుంది. దాదాపు పది సెకన్లకల్లా గంటకు 190 కిలోమీటర్ల దాకా చేరుకుంటారు. అక్కడ గాలి మీ బరువును మోస్తుంది, వేగం ఇక పెరగదు. చెంపలు అదురుతున్నాయి. దిగంతం చూడండి, ఆల్టిమీటర్ చూడండి, ఎడమ, కుడి. కళ్ల ముందుకు రెండు వేళ్లు చాచిన చెయ్యి వచ్చింది: కాళ్లు చాపమని. చాపుతారు. ఊగుతున్న ఒళ్లు నిలకడ పడుతుంది. ఇప్పుడు కుడిచెయ్యి తుంటి వెనక హ్యాండిల్‌ను తాకాలి, తూకం కోసం ఎడమచెయ్యి తలపైకి రావాలి. మూడుసార్లు తాకుతారు.

ఆరు వేల అడుగులు. రెండు చేతులూ ఊపుతారు. ఐదున్నర వేల దగ్గర లాగుతారు.

భుజాల దగ్గర ఎవరో పట్టి ఎత్తినట్టు ఒక్క గుంజు. హోరు ఆగిపోయింది. తల పైకెత్తండి. ఉందా? నలుచదరంగా ఉందా? తిప్పితే తిరుగుతోందా? పొద్దున ఫొటోలకు చెప్పిన జవాబే ఇప్పుడు చెప్పుకోవాలి, అదీ 2,500 అడుగుల లోపు దిగకముందే. బాగుంది. ఎర్ర హ్యాండిల్ జోలికి పోవద్దు.

హెల్మెట్‌లో రేడియో మాట్లాడుతుంది. వెయ్యి అడుగుల దగ్గర గాలివాలుకు, ఆరువందల దగ్గర ఒక మలుపు, మూడువందల దగ్గర గాలికి ఎదురు. నేల వేగంగా పైకొస్తోంది. కాళ్లు దగ్గరికి చేర్చండి. “ఫ్లేర్!” రెండు చేతులూ కిందిదాకా లాగుతారు. పాదాలు, ఆ వెంటనే మోకాళ్లు మట్టిని తాకుతాయి. నవ్వుతున్నారు, ఆపుకోలేకపోతున్నారు. శిక్షకుడు లాగ్‌బుక్‌లో సంతకం పెట్టి, తర్వాతి మెట్టుకు ఏం సరిదిద్దుకోవాలో రాస్తాడు.

1970ల్లో అమెరికాలో ఈ క్రీడ ఏటా సగటున నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది. 2023లో దాదాపు 36.5 లక్షల దూకుళ్లలో చనిపోయినవారు పదిమంది. మనుషులకు ధైర్యం పెరిగి ఈ మార్పు రాలేదు. మెట్లు మెట్లుగా శిక్షణ, మెరుగైన సామాను, నియమం తప్పని తనిఖీ కలిసి తెచ్చాయి.

సరదాగా దూకేవారికి రెండో పారాచూట్ తప్పనిసరి అయినప్పుడు, పొట్టకూటికి చెట్టెక్కేవారికి రెండో తాడు ఎందుకు ఉండకూడదు? తెలంగాణలో ఆ పని మొదలైంది. 2024 జూలైలో లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్ల పంపిణీని ప్రారంభించారు. కాలు జారినా మనిషి కింద పడకుండా తాళ్లు పట్టి ఆపుతాయి. కిట్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు, చెయ్యి దానికి అలవాటు పడాలి. మీ ఇంట్లోనో వాడకట్టులోనో గీత కార్మికులుంటే ఈ మాట చెప్పండి: శిక్షణకు పోవాలి, కిట్‌ను మూలన పెట్టకుండా ఎక్కే ప్రతి చెట్టుకూ కట్టుకోవాలి.