మడికొండ డంపింగ్ యార్డు వ్యతిరేకత

గ్రేటర్ వరంగల్ మహానగర పాలక సంస్థ సేకరించే చెత్తను మడికొండ–రాంపూర్ శివారులో పోయడాన్నీ, అక్కడ అది తగలబడుతూ ఉండడాన్నీ నిరసిస్తూ పరిసర కాలనీల, గ్రామాల వారు సాగిస్తున్న ఆందోళనను మడికొండ డంపింగ్ యార్డు వ్యతిరేకతగా పేర్కొంటారు. చెత్తను కాల్చి విద్యుత్తు తీసే కేంద్రాలపై దేశంలో ఇతర చోట్ల తలెత్తిన వివాదాలకూ దీనికీ మూలం ఒక్కటే: వేరు చేయని చెత్త.

నేపథ్యం

కాజీపేటకు ఆనుకొని హైదరాబాద్ రహదారి పక్కన ఉన్న మడికొండ, మెట్టుగుట్ట రామలింగేశ్వరాలయానికి ప్రసిద్ధి. పరిసర గ్రామాలు నగరంలో కలిసిన కొద్దీ ఊరికి దూరమనుకున్న చెత్త స్థలం చుట్టూ ఇళ్లు వెలిశాయి. మరమగ్గాల పారిశ్రామికవాడ, 2020 జనవరిలో ప్రారంభమైన ఐటీ సంస్థల కార్యాలయాలు కూడా మడికొండకే వచ్చాయి. నగరం నలుమూలల నుంచి వచ్చే వాహనాలు 30 ఎకరాలకు పైబడిన ఈ స్థలంలోనే చెత్త దింపుతూ రావడంతో అది గుట్టగా పేరుకుంది.

అభ్యంతరాలు

దుర్వాసన, ఈగలు, భూగర్భ జలం చెడుతుందన్న భయం స్థానికుల ఫిర్యాదుల్లో ఉన్నా, వారిని రోడ్డెక్కించింది ప్రధానంగా పొగే. గాలి ఆడని లోపలి పొరల్లో తడిచెత్త కుళ్లినప్పుడు మండే గుణమున్న మీథేన్ వాయువు పుడుతుంది. నిప్పు ఒకసారి ఆ లోతుకు దిగితే, ఫైరింజన్లు నీళ్లు కొట్టినా పైపొర తడుస్తుందే తప్ప అడుగున ప్లాస్టిక్, గుడ్డలు, రబ్బరు రాజుకుంటూనే ఉంటాయి కనుక, మంట కనిపించకపోయినా పొగ ఆగదు. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరు 22న దేశమంతటా నిషేధించి, మామూలుగా కాల్చితే 5,000 రూపాయలు, భారీ ఎత్తున కాల్చితే 25,000 రూపాయలు జరిమానా నిర్ణయించింది. అయితే దానంతట అదే రాజుకునే కుప్ప విషయంలో జరిమానా కన్నా కుప్పను తొలగించడమే పరిష్కారమవుతుంది.

దహన విద్యుత్ కేంద్రాల అనుభవం

ఇటువంటి కుప్పలకు విరుగుడుగా తరచూ ముందుకు వచ్చేది చెత్తను బాయిలరులో కాల్చి, పుట్టిన ఆవిరితో టర్బైను తిప్పే విద్యుత్ కేంద్రం. దేశంలో 1987లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో రోజుకు 300 టన్నుల సామర్థ్యంతో నెలకొల్పిన 3.75 మెగావాట్ల కేంద్రం, తేమతో, మట్టితో నిండిన చెత్త సరిగా మండకపోవడంతో, కొద్ది రోజుల ప్రయోగ దశలోనే నిలిచిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షాద్‌నగర్ సమీపంలోని ఎలికట్టలో 6.6 మెగావాట్ల, విజయవాడలో 6 మెగావాట్ల కేంద్రాలు 2003 ప్రాంతంలో మొదలైనా ఎక్కువ కాలం నిలదొక్కుకోలేదు. చెత్త నిర్వహణపై అల్మిత్రా పటేల్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2005లో ఈ తరహా కొత్త కేంద్రాలకు రాయితీలను నిలిపివేసి, 2007లో ఐదు ప్రయోగాత్మక కేంద్రాలకు మాత్రం అనుమతించింది.

జనావాసాల నడుమ కేంద్రం పెడితే ఏమవుతుందో ఢిల్లీలోని ఓఖ్లా చూపింది. సుఖ్‌దేవ్ విహార్ నివాసులు 2009లోనే న్యాయస్థానాన్ని ఆశ్రయించినా కేంద్రం 2012లో పని ప్రారంభించింది. హరిత ట్రిబ్యునల్ 2017 ఫిబ్రవరిలో దాన్ని మూసివేయనక్కరలేదంటూనే 25 లక్షల రూపాయల పరిహారం విధించింది. తెలంగాణలో జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్ల కేంద్రం ప్రారంభమైంది. సంగారెడ్డి జిల్లా ప్యారానగర్‌లో హైదరాబాద్ చెత్త కోసం చేపట్టిన డంపింగ్ యార్డు పనులను 2025 ఫిబ్రవరి నుంచి నల్లవల్లి తదితర గ్రామాల ప్రజలు అడ్డుకున్నారు.

నిబంధనలు

2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం కిలోకు 1,500 కిలో కేలరీలు, అంతకు మించి ఉష్ణమిచ్చే, పునర్వినియోగానికి పనికిరాని చెత్తను పూడ్చకుండా శక్తి ఉత్పత్తికే వాడాల్సి ఉండేది. దహనవాయువులు కొలిమిలోని రెండో గదిలో కనీసం 950 డిగ్రీల సెల్సియస్ వేడిలో రెండు సెకన్లకు తక్కువ కాకుండా ఉండాల్సి వచ్చేది. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ కాలినప్పుడు ఏర్పడే అతి విషపూరితమైన డయాక్సిన్లు ఘనమీటరు వాయువులో 0.1 నానోగ్రాము (గ్రాములో వంద కోట్లవ వంతు)కు సమానమైన విషతీవ్రతను దాటరాదని ఆ నియమాలు చెప్పాయి. తడిచెత్త కలిసినప్పుడు కొలిమి వేడి పడిపోతుంది కాబట్టి ఈ ప్రమాణాలను అందుకోవడం యంత్రం మీద ఎంత ఆధారపడుతుందో, ఇంటి గడప దగ్గర జరిగే వేరుచేత మీద కూడా అంతే ఆధారపడుతుంది.

ప్రత్యామ్నాయాలు

పాత కుప్పను తవ్వి, సూక్ష్మజీవుల ద్రావణం చల్లి ఆరబెట్టి, జల్లెడ యంత్రాలతో మట్టిని, రాళ్లను, ప్లాస్టిక్‌ను విడదీసే బయోమైనింగ్ పనులను మడికొండలో స్మార్ట్ సిటీ నిధులతో చేపట్టారు. ఇది పాత చెత్తను తగ్గిస్తుంది గాని రోజూ వచ్చే చెత్తను ఆపదు. రోజువారీ చెత్తను ఇంటి దగ్గరే వేరు చేసే పని వరంగల్‌కు కొత్త కాదు: 2012 అక్టోబరులో ఇక్కడ జరిగిన క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్‌లో ఇతర పట్టణాల పారిశుద్ధ్య బృందాలు ఇంటింటికీ తిరిగి తడి, పొడి చెత్తలను వేర్వేరుగా సేకరించే పద్ధతిలో పోటీపడ్డాయి. ఆ పద్ధతి నగరమంతటా ఏళ్ల తరబడి నిలిచినప్పుడే, కంపోస్టుకైనా దహనానికైనా తగిన సరుకు దొరికి, మడికొండకు చేరే భారం తగ్గుతుంది.