గోగునార మద్దతు ధర: ఉత్తరాంధ్ర అనుభవం
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మెట్టరైతులకు గోగు చిరకాలం ముఖ్యమైన వాణిజ్యపంట. భీమునిపట్నం రేవు పేరిట ఈ నార విదేశీ విపణిలో ‘బిమ్లి’గా ప్రసిద్ధి పొందింది. ధర పడిపోయినపుడు మద్దతు ధరకు కొనే బాధ్యతను 1971లో ఏర్పడిన భారత జనపనార సంస్థ వహించింది. ధాన్యం, చక్కెర వంటి సరకులకు జనపనార సంచులను నిర్బంధం చేసే అధికారాన్ని 1987 నాటి చట్టం కేంద్రానికి ఇచ్చి, గిరాకీకి అండగా నిలిచింది.

అయితే ప్రకటిత ధర నిర్ణీత శ్రేణి నారకు మాత్రమే వర్తిస్తుంది. శ్రేణి తగ్గితే ధరా తగ్గుతుంది. గోగు మోపులను నీట ఊరబెట్టే తీరుపై ఆ శ్రేణి చాలవరకు ఆధారపడుతుంది. చెరువులో చాలినంత శుభ్రమైన నీరు లేని ఏట నార నల్లబడి, పూర్తి ధర రైతుకు దక్కదు. కనుక ధరల పట్టికలను మాత్రమే చూసి రైతు ఆదాయాన్ని నిర్ధారించలేము. వాటితోపాటు ఆయా గ్రామాల చెరువుల చరిత్రనూ పరిశీలించవలసి ఉంటుంది.