రుజువు భారం ఎవరిపై? సాలూరు మన్యం, స్త్రీలు, చట్టం

వేగావతీ తీరాన, తూర్పు కనుమల పాదాల చెంత ఉన్న పట్టణం సాలూరు. ఇక్కడి నుండి బాట ఘాటీ ఎక్కి, సుంకి మీదుగా కోరాపుట్ చేరుతుంది. మైదానానికీ మన్యానికీ నడుమ ఇదొక ద్వారం. ఉప్పు, బట్ట, కిరసనాయిలు ఈ దారిన పైకి వెళ్ళాయి. చింతపండు, పసుపు, అడ్డాకులు, కొండచీపుర్లు కిందికి దిగాయి. సరుకుతో పాటు అప్పు కూడా కొండ ఎక్కింది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు సాలూరు అందులో చేరింది. 1979లో విజయనగరం జిల్లాలోకి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారింది. జిల్లాల పేర్లు మారినంత సులువుగా కొండవాసుల అప్పు మారలేదు.

ఉత్తరాంధ్ర గిరిజనోద్యమాన్ని గురించి వ్రాసినవారు సాధారణంగా భూమిని గురించీ తుపాకిని గురించీ వ్రాస్తారు. సంతను గురించి తక్కువ వ్రాస్తారు. కాని కొండ మీది కుటుంబానికి షావుకారు ఎదురుపడేది ముఖ్యంగా సంతలోనే. అటవీ ఫలసాయాన్ని ఏరడం, ఎండబెట్టడం, గంపకెత్తుకొని దిగడం చాలా వరకు స్త్రీల పని. తూకంలో మోసం జరిగితే మొదట నష్టపోయేది ఆమే. ధాన్యం అప్పుగా తెచ్చి, నాగుతో కలిపి తిరిగి కొలవవలసి వచ్చినప్పుడు ఇంట్లో గింజలు ఎన్నాళ్ళు వస్తాయో లెక్క వేసుకొనేదీ ఆమే. అప్పు తీరక మగవాడు పాలేరుగా కుదిరితే పోడు పని, వెట్టి పని ఆమె మీద పడేవి. కనుక 1950ల చివర కమ్యూనిస్టుల చొరవతో ఏర్పడిన గిరిజన సంఘం వెట్టిచాకిరీ రద్దు, పాలేర్ల జీతం పెంపు, ఫలసాయానికి న్యాయమైన ధర అని అడిగినప్పుడు, స్త్రీలు సభలకు రావడంలో ఆశ్చర్యమేమీ లేదు. ‘స్త్రీల సమస్య’ అన్న శీర్షిక లేకపోయినా అవి స్త్రీల కోర్కెలే.

1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో జరిగే గిరిజన సంఘం మహాసభకు వెళుతున్నవారిపై లేవిడి వద్ద భూస్వాముల మనుషులు దాడి చేశారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. ఆ హత్య కేసులో ముద్దాయిలు 1968లో నిర్దోషులుగా విడుదలయ్యారు. ఉద్యమం ఆయుధం పట్టడానికి అనేక కారణాలుండవచ్చు, చైనా ప్రభావమూ కావచ్చు. అయితే ఈ తీర్పు కొండవాసుల మనస్సులో నాటిన సంగతి మాత్రం విస్మరించరానిది: హత్య జరిగింది, చేసినవారు లేరు. ఆ తర్వాతి రెండేళ్ళ రక్తపాతంలో 1969 డిసెంబరులో సుబ్బారావు పాణిగ్రాహితో పాటు పంచాది నిర్మల మరణించారు. 1970 జూలైలో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం మరణించారు. సాయుధమార్గాన్ని ఈ రచయిత సమర్థించడు. కాని దాని వేడిలోనే ప్రభుత్వం చేసిన ఒక పని ఇప్పటికీ నిలిచి ఉన్నది. మన చర్చ దానిని గురించే.

ఏజెన్సీ భూమి కొండవాసుల చేజారకుండా మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఒక చట్టం చేసింది. 1959లో ఆంధ్రప్రదేశ్ కొత్త రెగ్యులేషన్ తెచ్చింది. రెండూ పెద్దగా పనిచేయలేదు. కారణం తేలికగా అర్థమవుతుంది. భూమి ఒకప్పుడు తనదేనని కొండవాడు నిరూపించుకోవాలి. కాగితం షావుకారు వద్ద ఉంది, చదువు షావుకారుకే ఉంది, కచేరీకి దారి తెలిసినదీ అతనికే. 1970 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన సవరణ, జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’, ఈ వరుసను తలక్రిందులు చేసింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న స్థిరాస్తి, అందుకు విరుద్ధంగా రుజువయ్యే వరకు, గిరిజనుని నుండి సంక్రమించినదేనని చట్టం ఊహిస్తుంది. గిరిజనేతరులు తమలో తాము అమ్ముకోవడం కూడా చెల్లదు. రుజువు భారం బలవంతుని మీదికి మారింది. 1988లో సుప్రీంకోర్టు ఈ సవరణను సమర్థించింది.

ఇప్పుడు ఇదే ప్రశ్నను స్త్రీ దేహం విషయంలో చూడండి. 1972లో మహారాష్ట్రలో ఒక గిరిజన బాలికపై పోలీసు స్టేషన్‌లోనే అత్యాచారం జరిగినట్లు కేసు వచ్చింది. శరీరంపై గాయాలు లేవు కనుక ఆమె సమ్మతించినట్లేనని 1978లో సుప్రీంకోర్టు పోలీసులను విడిచిపెట్టింది. మరుసటి ఏడు ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవర్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ వ్రాశారు. లొంగిపోవడం సమ్మతి కాదని వారి వాదన.

ఆ 1978 లోనే, మార్చి నెలాఖరున, హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషన్‌లో ఒక ముస్లిం యువతిపై అత్యాచారం జరిగిందనీ, అడ్డుపడిన ఆమె భర్తను, ఒక రిక్షా కార్మికుని, పోలీసులు కొట్టి చంపారనీ నగరం భగ్గుమన్నది. కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ విచారణ సంఘం పోలీసులను దోషులుగా తేల్చింది. అయితే విచారణ పొడుగునా పరీక్షకు నిలిచింది ఆ యువతి శీలమూ, ఆమె వివాహం చెల్లుతుందా అన్న సందేహమూ. కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. 1981లో అక్కడి న్యాయస్థానం ముద్దాయిలను విడుదల చేసింది. లేవిడి తీర్పు విన్న కొండవాళ్ళకు ఈ వార్త కొత్తగా తోచి ఉండదు.

హైదరాబాదు, బొంబాయి, ఢిల్లీ మహిళా సంఘాలు సాగించిన ఆందోళన ఫలితమే 1983 నాటి సవరణ. అధికారుల నిర్బంధంలో జరిగిన అత్యాచార నేరంలో, సంభోగం రుజువైన పిమ్మట, తాను సమ్మతించలేదని స్త్రీ చెబితే కోర్టు ఆ మాటనే నమ్మి ఊహించాలని సాక్ష్య చట్టంలో 114ఎ చేరింది. బాధితురాలి శీలాన్ని ప్రశ్నించడానికి అనుమతించిన నిబంధన 2002లో తొలగింది. ఆ పాత చట్టం స్థానంలో 2024 జూలై 1న కొత్తది వచ్చినా ఈ ఊహ నిలిచింది.

సాక్ష్యం చూపవలసినది వాదియేనన్నది ఫిఖ్‌హ్‌తో సహా ప్రాచీన న్యాయశాస్త్రాలన్నీ ఎరిగిన సూత్రం. దానిని తేలికగా పక్కకు నెట్టరాదు, నిరపరాధికి అదే రక్ష. కాని సాక్ష్యమంతా ప్రతివాది గుప్పిట్లో ఉన్నచోట, అది అతని ఠాణాలోనో అతని ఖాతా పుస్తకంలోనో ఉన్నచోట, సూత్రాన్ని మక్కికి మక్కిగా పట్టుకొంటే న్యాయం పుట్టదు. భూమి చట్టం వ్రాసినవారికీ, దేహం చట్టం కోసం పోరాడినవారికీ పరస్పర పరిచయం ఉండకపోవచ్చు. అయినా వారు చేరినది ఒకే తీరానికి.

ఆచరణ వేరే కథ. భూమి విషయంలో గిరిజనేతరులు కనిపెట్టిన దొడ్డిదారుల్లో ఒకటి గిరిజన స్త్రీయే. ఆమెను వివాహమాడో, ఉంచుకొనో, పట్టా ఆమె పేర వ్రాయించి సాగు తాను చేసుకోవడం ఆంధ్ర మన్యంలో అందరికీ తెలిసిన పద్ధతి. ఆమెను కాపాడడానికి చేసిన చట్టమే ఆమెను బినామీగా మార్చింది. సంఘాలు కూడా ఈ సంగతిని చాలాకాలం ఇంటి వ్యవహారంగా వదిలేశాయి. అది వారి లోపమేనని నా అభిప్రాయం.

దేహం విషయంలో చేదు ఇంకా ఎక్కువ. 2007 ఆగస్టు 20న అప్పటి విశాఖ జిల్లా జి.మాడుగుల మండలం వాకపల్లిలో గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండుమంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేశారు. విచారణ మొదలు కావడానికే పదేళ్ళు దాటింది, సుప్రీంకోర్టు 2017లో ఆదేశించవలసి వచ్చింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక న్యాయస్థానం ముద్దాయిలను నిర్దోషులుగా ప్రకటించింది. దర్యాప్తు లోపాలను ఎత్తిచూపుతూ, స్త్రీలకు పరిహారం ఇప్పించమని ఆదేశించింది. 114ఎ ఇక్కడ అక్కరకు రాలేదు. అది పనిచేయాలంటే ముందు వైద్యపరీక్ష, గుర్తింపు కవాతు సక్రమంగా జరగాలి. ఆ పనులన్నీ పోలీసు శాఖ చేతిలోనివే. భారం మార్చిన చట్టం, కాగితాలను మాత్రం పాత చేతుల్లోనే ఉంచింది.

2006 అటవీ హక్కుల చట్టం వివాహితులకిచ్చే హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరిట ఉండాలని నిర్దేశించింది. 1917 నుండి 1970 వరకు కొండ భూమిని గురించి వచ్చిన శాసనాలలో స్త్రీ అన్న ప్రసక్తి ప్రత్యేకంగా లేదు. ఎనభై తొమ్మిదేళ్ళకు ఆమె పేరు కాగితం మీదికి వచ్చింది. షెడ్యూల్డు తెగలకు కేటాయించిన సాలూరు నియోజకవర్గం నుండి 2024లో గుమ్మిడి సంధ్యారాణి శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ జూన్‌లో ఏర్పడిన మంత్రివర్గంలో గిరిజన సంక్షేమ శాఖనూ, స్త్రీ శిశు సంక్షేమ శాఖనూ రెంటినీ ఆమెకే అప్పగించారు.