లంగా బొందు నుంచి లైక్రా దాకా

మా వీధిలో ఫాల్, పీకో కుట్టే షాపుకి మొన్న ఒక కొత్తరకం బేరం వచ్చింది. మా అక్క కూతురు మెరుపు పట్టీలున్న పసుపుపచ్చ జాకెట్ తీసుకెళ్లి పక్కలు బిగించమంది. జాకెట్ అనగానే ఆయన "ఆది జాకెట్ ఏదమ్మా?" అన్నాడట. అది రాత్రిపూట సైకిలు తొక్కేవాళ్లు లారీల వాళ్లకి కనపడటానికి వేసుకునేదని చెప్పేసరికి ఇద్దరికీ నవ్వాగలేదు.

ఆ పిల్ల బ్రెవేకి తయారవుతోంది. రెండొందల కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కాలి. మన గుంటూరు నుంచి ఒంగోలు వెళ్లి రావడమంత అనుకోండి. దాని తర్వాత 300, 400, 600 ఉంటాయి. మన దేశంలో వీటిని ఆడాక్స్ ఇండియా రాండనర్స్ అనే సంస్థ చూస్తుంది, హైదరాబాదులోనూ క్లబ్బుంది. ఫస్టు, సెకండు ఉండవు, పోటీ అంతా గడియారంతోనే. మా అక్కకి దూరం గురించి బెంగ లేదు. "ఆ బిగుతు నిక్కరేసుకుని హైవే మీదా? నువ్వైనా చెప్పవే" అని నాకు ఫోన్. చెప్పడానికి ముందు తెలుసుకుందామని చదవడం మొదలుపెడితే, మా అక్క బెంగకి నూట ముప్పై ఏళ్లున్నాయని తెలిసింది.

ఈ దూరపు సవారీలన్నిటికీ పెద్దది పారిస్-బ్రెస్ట్-పారిస్. పన్నెండొందల కిలోమీటర్లు. 1891లో ఒక ఫ్రెంచి పత్రిక మొదలుపెట్టింది. ఛార్లెస్ టెరాంట్ అనే ఆయన 71 గంటల 22 నిమిషాల్లో తొక్కి గెలిచాడు. అప్పుడే కొత్తగా వచ్చిన, ఊడదీసి మళ్లీ తొడుక్కోగల గాలి టైర్లు ఆయన చక్రాలకున్నాయి. మగవాళ్లు రాసిన చరిత్రల్లో ఇలా టైర్లూ గంటలూ పేజీలకి పేజీలుంటాయి. ఆ పోటీకి ఆడవాళ్లని రానివ్వలేదన్న సంగతి మాత్రం ఒక్క వాక్యంలో తేలిపోతుంది.

ఆడవాళ్ల వైపు నుంచి చూస్తే ఈ కథ కుట్టు మిషన్ దగ్గర మొదలవుతుంది. ఆ రోజుల్లో ఇంగ్లండులో పాదాల దాకా లంగాలు, లోపల ఇంకో లంగా, నడుముకి ఊపిరాడని కార్సెట్టు. లంగా గాలికి లేస్తే పరువు పోతుంది, చక్రంలో పడితే ప్రాణం పోతుంది. లేవకుండా అంచులో సీసపు ముక్కలు కుట్టుకునేవారట. అంటే సైకిలు బరువుకి తోడు బట్టల బరువు కూడా మోయాలి. 1893లో బ్రైటన్ ఊరి పదహారేళ్ల పిల్ల టెస్సీ రేనాల్డ్స్ అవన్నీ వదిలి మోకాళ్ల దాకా లాగు తొడుక్కుని, మగవాళ్ల సైకిలు మీద లండన్ వెళ్లి తిరిగొచ్చింది. సుమారు 190 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు. ఇప్పటి బ్రెవే గడువు పక్కన పెట్టి చూడండి! పేపర్లలో గొడవంతా ఆ వేగం గురించి కాదు, లాగు గురించే.

మరుసటి ఏడాది అమెరికాలో ఆనీ కోహెన్ కొప్‌చోవ్‌స్కీ అనే ముగ్గురు పిల్లల తల్లి సైకిలు మీద ప్రపంచం చుట్టొస్తానని బోస్టన్ నుంచి బయల్దేరింది. ఒక సోడానీళ్ల కంపెనీ వంద డాలర్లిచ్చి, సైకిలుకి తమ బోర్డు తగిలించి, తమ పేరే ఆమెకి పెట్టింది. అలా ఆమె ఆనీ లండన్‌డెరీ అయింది. పొడుగు లంగాలో, దాదాపు 19 కిలోల లేడీస్ సైకిలు మీద షికాగో చేరేసరికి వేసవి అయిపోయింది. అక్కడ ఆమె చేసిన పని నాకు ఈ కథంతటిలోకీ ఇష్టం. లంగా మాని లాగులోకి మారింది, లేడీస్ సైకిలిచ్చేసి అందులో సగం బరువుండే మగవాళ్ల సైకిలు తీసుకుంది. 1895 సెప్టెంబరుకల్లా ప్రయాణం పూర్తి చేసింది. చాలా దూరం ఓడల్లోనే వెళ్లిందనీ, పందెం కథ కల్పించుకుందనీ అంటారు. అననీ. బట్టలూ బండీ మార్చుకుంటే తప్ప దూరం సాగదని ఆమెకి దారిలోనే అర్థమైంది కదా.

అందరూ అంత తెగించలేరు. లండన్‌లో ఆలిస్ బైగ్రేవ్ అనే దర్జీ 1895లో ఒక లంగాకి పేటెంటు తీసుకుంది. కుట్టులో దాచిన తాళ్లు లాగితే లంగా ముందూ వెనకా పైకి లేస్తుంది, ఊరు రాగానే వదిలేస్తే మామూలు లంగా. మన లంగా బొందే, కాకపోతే ఆవిడ దాన్ని ఇంకో పనికి వాడింది. 1898లో లేడీ హార్బర్టన్ సైకిలు దిగి ఒక హోటల్లోకి వెళ్తే, లాగు తొడుక్కుందని కాఫీ గదిలోకి రానివ్వలేదు. కేసు కోర్టుకెళ్లింది, ఓడిపోయింది.

నిజానికి మనకి ఇదంతా వింతగా ఉండాలి. పొలంలో దిగే ఆడవాళ్లు గోచీ పోసి కట్టినా, చీర ఎగ్గట్టినా ఎవరూ ఏమీ అనలేదు. పని కోసం ఎగ్గడితే ఫరవాలేదు, సరదా కోసమైతేనే తప్పు! మన లేడీస్ సైకిలుకి మధ్య కడ్డీ వంచడం, గొలుసుకి డబ్బా తొడగడం, చక్రానికి జాలీ అల్లడం అంతా ఆ లంగాల కాలం మిగిల్చిందే. బైకులకి శారీ గార్డు అదే వంశం. పక్క తమిళనాట పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో వేలాది ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు చాలక మగవాళ్లవే తీసుకున్నారు. అడ్డకడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని కొందరు దాన్నే కోరుకున్నారట.

ఇక గుడ్డ సంగతి. పత్తి పండే ఊళ్లో ఉండి పత్తిని తప్పుబట్టాలంటే కష్టంగానే ఉంది. ఇంట్లో, ఎండలో కాటన్‌ని మించింది లేదు. కానీ పది గంటలు తొక్కితే అది చెమట పీల్చి తడిగా ఒంటికి అంటుకుంటుంది, తొడల దగ్గర ఒరిసి పుండు చేస్తుంది. అందుకే పాతకాలపు పోటీల వాళ్లు ఉన్ని వేసుకునేవారు. 1958లో అమెరికాలో డ్యుపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ సాగే దారం తయారుచేశాడు, దానికే లైక్రా అని పేరు పెట్టారు. ఆ బిగుతు నిక్కరు షోకు కాదు, ముడత లేకుండా ఉండటానికి. లోపలి మెత్త ఒకప్పుడు నిజం తోలే. ఉతికితే అప్పడంలా బిగిసిపోయేది, అందుకని క్రీము రాసి మెత్తబరిచేవారు. ఇప్పుడు మెత్త స్పాంజిదే అయినా క్రీము అలవాటు పోలేదు, ఒరుపు తగ్గాలని రాస్తారు. దాని కింద లోదుస్తులు వేసుకోకూడదు, కుట్టు ఒరుసుకుంటుంది. ఆడవాళ్లకి మెత్త కోత వేరు, సీటూ వేరుగా దొరుకుతుంది. ఈ రెండిట్లో పొదుపు చెయ్యొద్దంది మా పిల్ల.

సైకిలుకి రెండు స్పేర్ ట్యూబులు, పంపు, అతుకులు. మన దారుల్లో తుమ్మముళ్లకి కొదవా? ముందూ వెనకా లైట్లు, అదనపు బ్యాటరీ. వానాకాలమైతే టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య సందు చూసుకోవాలి, నల్లరేగడి బురద అక్కడ పట్టుకుందంటే చక్రం తిరగదు. చిలకలూరిపేట రోడ్డెక్కితే మిర్చి యార్డు ఘాటుకి ముక్కుకో గుడ్డ. కొత్త సీటూ కొత్త నిక్కరూ ఆ రోజే మొదటిసారి వాడకూడదు. నెల ముందే చిన్న దూరాలు తొక్కి చూసుకోవాలి. ఇవన్నీ చెప్పాక అక్క అడిగింది ఒక్కటే, "అది ఉతికేదెట్లా?" అని.

దిగిన రోజే చల్లనీళ్లలో, లోపలి వైపు బయటికి తిప్పి, తేలిక సబ్బుతో. కంఫర్ట్ లాంటివి వెయ్యకూడదు, మెత్త చెమట పీల్చడం మానేస్తుంది. పిండకుండా వత్తి, నీడలో గాలికి ఆరెయ్యాలి. ఇస్త్రీ మాత్రం వద్దు, వేడికి లైక్రా సాగుడు పోతుంది.