పాత ఇన్వర్టర్ బ్యాటరీ: మార్చడం ఎలా, ఎవరికి అప్పగించాలి?

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్, ఘజియాబాద్, ఫరీదాబాద్‌లలో ఇళ్లు, దుకాణాలు, చిన్న కార్యాలయాలు విద్యుత్ కోతల సమయంలో ఇన్వర్టర్లు, యూపీఎస్‌లపైనే ఆధారపడుతున్నాయి. నిర్దేశిత ఉద్గార నియంత్రణ ఏర్పాట్లు లేని డీజిల్ జనరేటర్ల వాడకంపై వాయు నాణ్యత నిర్వహణ కమిషన్ 2023 అక్టోబరు 1 నుంచి జాతీయ రాజధాని ప్రాంతమంతటా ఆంక్షలు అమలు చేస్తుండటంతో బ్యాటరీల అవసరం మరింత పెరిగింది. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు వినియోగదారులు ధర, వారంటీ గురించి ఆరా తీస్తారు. పాతది ఎక్కడికి వెళుతుందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. అసలు ప్రమాదం ఉన్నది అక్కడే.

ఎప్పుడు మార్చాలి

ఈ పరికరాల్లో అత్యధికం సీసం-ఆమ్లం బ్యాటరీలే. సీసపు పలకలు, వాటి మధ్య సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం వీటిలో ప్రధాన భాగాలు. కంప్యూటర్ యూపీఎస్‌లోని సీల్డ్ బ్యాటరీ సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు పనిచేస్తుంది. పరిసర ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది పరిశ్రమలో స్థిరపడిన అంచనా. వేసవిలో 45 డిగ్రీలు చూసే ఢిల్లీలో, గాలి ఆడని అల్మారాలో బ్యాటరీ ఉంచితే ఫలితం ఊహించవచ్చు. విద్యుత్ పోయాక కొద్ది నిమిషాలకే పరికరం ఆగిపోవడం, బ్యాటరీ పెట్టె ఉబ్బడం, కుళ్లిన గుడ్డు వాసన రావడం మార్పు అవసరానికి సంకేతాలు. ఉబ్బిన లేదా వాసన వస్తున్న బ్యాటరీని ఛార్జింగ్‌లో కొనసాగించరాదు.

మార్చే సమయంలో

పని చేయని బ్యాటరీలోనూ విద్యుత్తు మిగిలే ఉంటుంది. లోహపు పానా రెండు టెర్మినళ్లకూ ఒకేసారి తగిలితే క్షణంలో ఎర్రగా కాలిపోయేంత విద్యుత్ ప్రవహిస్తుంది. అందువల్ల ఉంగరాలు, గాజులు, గడియారం తీసివేసి, చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించాలి. ముందుగా ఇన్వర్టర్‌ను ఆపి, గోడ ప్లగ్ తొలగించాలి. తరువాత నెగటివ్ తీగను, ఆపై పాజిటివ్ తీగను విప్పాలి. కొత్తది బిగించేటప్పుడు ముందు పాజిటివ్, చివరగా నెగటివ్.

ఛార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్, గాలిలో 4 శాతానికి చేరినా నిప్పురవ్వతో మండగలదు. గది కిటికీలు తెరిచి ఉంచాలి, దగ్గరలో దీపం, అగరుబత్తి వంటివి ఉండకూడదు. ఆమ్లం చర్మంపైనో కంట్లోనో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీటితో కడిగి వైద్యుని సంప్రదించాలి. నేలపై ఒలికితే వంటసోడా చల్లి శుభ్రం చేయవచ్చు. ఇంటి ఇన్వర్టర్లలో వాడే పెద్ద ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోలకు పైగా తూగుతుంది. నిటారుగానే, ఇద్దరు కలిసి మోయాలి. పలు బ్యాటరీలను వరుసగా కలిపిన కార్యాలయ యూపీఎస్‌లలో ప్రాణాంతక వోల్టేజీ ఉంటుంది కనుక ఆ పనిని సాంకేతిక నిపుణులకే వదలాలి. అటువంటి వరుసలో పాత, కొత్త బ్యాటరీలను కలపడం కూడా తగదు.

పాతది ఎవరికి

వీధుల్లో తిరిగే కబాడీవాలా పాత బ్యాటరీకి వెంటనే నగదు ఇస్తాడు. దాని బరువులో సగానికి మించి సీసమే కావడం అందుకు కారణం. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది గనుక పెరట్లో పొయ్యి పెట్టినా కరిగించవచ్చు. అనధికార కేంద్రాల్లో ఆమ్లాన్ని కాలువలోకో నేలపైకో వంపి, పలకలను బహిరంగంగా కరిగిస్తారు. ఆ పొగ, ధూళి పనివారి ఇళ్లకూ చుట్టుపక్కల పిల్లలకూ చేరుతాయి. సీసానికి సురక్షిత స్థాయి అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. ప్రపంచంలో 80 కోట్ల మంది వరకు పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ ఉందని, వారిలో సుమారు 27.5 కోట్ల మంది భారత్‌లోనే ఉన్నారని యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ 2020లో వెల్లడించాయి. ప్రమాణాలు పాటించని బ్యాటరీ రీసైక్లింగ్‌ను ప్రధాన కారణాల్లో ఒకటిగా ఆ నివేదిక పేర్కొంది.

2001 నాటి నిబంధనల స్థానంలో కేంద్ర పర్యావరణ శాఖ 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలను తెచ్చింది. వీటి ప్రకారం పాత బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యత ఉత్పత్తిదారులదే. భూమిలో పూడ్చడం, కాల్చివేయడం నిషిద్ధం. వినియోగదారుకూ ఒక విధి ఉంది: బ్యాటరీని ఇంటి చెత్తతో కలపకుండా, సేకరణ లేదా రీసైక్లింగ్ చేసే సంస్థకు అప్పగించాలి. బ్యాటరీపై కొట్టివేసిన చెత్తబుట్ట గుర్తు సూచించేది ఇదే.

ఆచరణలో సులభమైన దారి, కొత్తది అమ్మిన అధీకృత డీలర్‌కే పాతది ఇచ్చి ధర తగ్గించుకోవడం. మార్పిడి విలువను బిల్లులో రాయించుకోవాలి. కార్యాలయాలు, అపార్ట్‌మెంట్ సంఘాలు పెద్ద సంఖ్యలో తొలగిస్తుంటే, తీసుకెళ్లే సంస్థ కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైందో లేదో చూడాలి. ఢిల్లీలో ఈ బాధ్యత ఢిల్లీ కాలుష్య నియంత్రణ కమిటీది, గురుగ్రామ్, ఫరీదాబాద్‌లలో హర్యానా మండలిది, నోయిడా, ఘజియాబాద్‌లలో ఉత్తరప్రదేశ్ మండలిది. అప్పగించేవరకు బ్యాటరీని నిటారుగా, ఎండ, పిల్లలు చేరని చోట, టెర్మినళ్లకు టేపు చుట్టి ఉంచాలి.

లిథియం బ్యాటరీలకు మారేవారు పాత ఇన్వర్టర్ ఛార్జర్ వాటికి సరిపడుతుందో లేదో తయారీదారును అడిగి తెలుసుకోవాలి. పాడైన లిథియం బ్యాటరీని సీసం బ్యాటరీలతో కలిపి ఇవ్వకూడదు. కొలిమిలో పడితే పేలుడు, అగ్నిప్రమాదం సంభవించవచ్చు.